థామస్ మన్రో

అనంతపురము సీమ వానమబ్బు దయకై ఎదురుచూచు సీమ. పడమటి నుండి వచ్చు ఋతుపవనము తన నీటినంతయు కనుమలపై కురిసి, వట్టి గాలియై ఈ పీఠభూమిని చేరును. తూర్పు సముద్రము నుండి వచ్చు ఋతుపవనమునకు ఇంత దూరము వచ్చు ఓపిక యుండదు. అందుచేత ఇచ్చట ఏడాదికి సగటున 22 అంగుళముల వాన మాత్రమే పడును. అదియైనను అదను చూచి పడునను నమ్మకము లేదు. ఒక ఏడు జొన్నచేలు నిలువున ఎండును. మరియొక ఏడు ఒక్క రాత్రి కురిసిన కుంభవృష్టికి చెరువుకట్ట తెగిపోవును. ఇట్టి నేలను దున్ని బ్రతుకుట ఎంత కష్టమో, ఇట్టి నేలపై శిస్తు నిర్ణయించి వసూలు చేయుటయు నంత కష్టమే. రెండువందల యేండ్లకు పూర్వము ఆ పనికి పూనుకొని, రైతు మాటను ఓపికతో విని, తన లెక్కలోని తప్పును తానే ఒప్పుకొనిన ఉద్యోగి యొకడు కలడు. అతడే సర్ థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము సాగించిన వర్తకుడు. చిన్ననాడు పొంగు సోకుటచే థామస్‌కు కొంత చెవుడు కలిగెను. అది జీవితాంతము అతనిని విడువలేదు. అమెరికావారు స్వాతంత్ర్యమునకై యుద్ధము ప్రారంభింపగా తండ్రి వ్యాపారము కూలిపోయెను. కుటుంబమునకు ఆధారము కావలసివచ్చి, మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. అప్పటికతనికి పందొమ్మిదేండ్లు నిండలేదు. చాలకాలము చిన్న జీతముతోడనే గడిపెను. అయినను అందులోనే కొంత మిగిల్చి తలిదండ్రులకు పంపుచుండెను. తీరికవేళలను వృథా చేయక పారశీక హిందూస్థానీ భాషలను నేర్చుకొనెను.

మైసూరు యుద్ధానంతరము 1792లో బారామహలు ప్రాంతము కంపెనీ వశమయ్యెను. దాని పాలనకు నియమింపబడిన కెప్టెను రీడ్ తనకు సహాయులుగా తీసికొనిన వారిలో మన్రో యొకడు. కత్తి పట్టిన చేతికి కలము వచ్చెను. అచ్చట ఏడేండ్లు ఊరూర తిరిగి, ఏ నేల యెంత పండునో, ఏ రైతు యెంత ఇచ్చుకొనగలడో తెలిసికొనెను. రైతునకును ప్రభుత్వమునకును నడుమ జమీందారుగాని గుత్తదారుగాని లేక, ప్రతి రైతుతోడను విడివిడిగా శిస్తు నిర్ణయించుకొను పద్ధతి అచ్చట రూపుదాల్చెను. దానికే రైతువారీ పద్ధతి యని పేరు. 1799లో మన్రో కన్నడ సముద్రతీర మండలమునకు మార్చబడెను. ఎడతెగని వానలతో నిండిన ఆ చోటు అతనికి నచ్చలేదు. నైజాము 1800లో బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలో కొంత భాగమును కంపెనీకి ఒప్పగింపగా, మన్రో ఆ పనిని తానే కోరి పుచ్చుకొనెను. అవియే దత్తమండలములు. వానకు విసిగినవాడు వాన యెరుగని సీమకు వచ్చెను.

దత్తమండలములకు ప్రధాన కలెక్టరైన మన్రోకు అనంతపురము ముఖ్యస్థానము. అతని క్రింద నలుగురు ఉపకలెక్టర్లుండిరి. అధికారము క్రింది నేల ఒక చిన్న రాజ్యమంత యుండెను. అయితే అచ్చటి స్థితి దుర్భరముగా నుండెను. సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రు కోటలు కట్టుకొని, బంట్లను పోషించుకొనుచు, తమకు తోచిన సుంకములు దండుకొనుచుండిరి. ఏలినవారు మారినప్పుడెల్ల రైతు క్రొత్తగా దోపిడికి గురియగుచుండెను. ఊళ్ళు పాడువడెను, చెరువులు పూడిపోయెను. కంపెనీ అధికారి వచ్చెనన్న రైతు సంతోషింపలేదు. మరియొక దండుగమారి వచ్చెననియే అనుకొనెను.

ఈ అపనమ్మకమును తొలగించుటకు మన్రో కచ్చేరిలో కూర్చుండలేదు. సంవత్సరములో అధికభాగము గుడారములలో గడుపుచు గ్రామగ్రామము తిరిగెను. వెంట సైనికుల కాపుదల నుంచుకొనలేదు. ఆయుధములతో వచ్చినవానికి రైతు నిజము చెప్పడని అతని యభిప్రాయము. తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు గుడారము చుట్టును రైతులు మూగుచుండిరి. ఒకడు ఎద్దు చచ్చినదనును. ఒకడు బావి యింకినదనును. మరియొకడు పొరుగువాడు గట్టు జరిపెననును. వేరొకడు కరణము లెక్క తప్పు వ్రాసెననును. అందరును శిస్తు హెచ్చనియే అందురు. వీరిలో నిజము చెప్పువా రెవ్వరో, బొంకువా రెవ్వరో తేల్చుట సులభము కాదు. ఒకే మాటను దినమునకు నూరు నోళ్ళ వినుటకు ఎంత ఓర్పు కావలెనో ఊహించుకొనుడు. సరిగా వినబడని చెవులు గల మన్రో, దత్తమండలములలో అందరికంటె ఎక్కువగా వినిన అధికారి యయ్యెను. వారి మొరలు తనకు విసుగు పుట్టించునని ఇంటికి వ్రాసిన లేఖలలో హాస్యముగా చెప్పుకొనెనే గాని, గుడారము తలుపు మాత్రము మూయలేదు.

నోటిమాటపై ఆధారపడిన పాలనలో న్యాయము నిలువదని తలచి, 1802లో మన్రో భూముల కొలత ప్రారంభించెను. కొలత తెలిసినవారు ఆ సీమలో బహు కొలదిమంది. వారినే గురువులుగా జేసి క్రొత్తవారికి పని నేర్పించెను. 33 అడుగుల గొలుసుతో పొలములు కొలిచిరి. నలుబది గుంటలు ఒక ఎకరముగా లెక్క కట్టిరి. ఒకరు కొలిచినదానిని వేరొకరు తిరిగి పరీక్షించుచుండిరి. తరువాత రెడ్డి, కరణము, పెద్దరైతుల సమక్షమున నల్లరేగడి, ఎర్రనేల, గరుసునేల అని నేలను తరగతులుగా విభజించి, మెట్టకు, మాగాణికి, తోటకు వేరువేరుగా శిస్తు కట్టిరి. ఆ నిర్ణయమునైనను కడపటిదిగా నెంచక రైతుల అభ్యంతరములు విని, తప్పున్నచోట దిద్దిరి. దిద్దుబాటునకు తావుంచుట పని చేతగానితనము కాదనియు, పనిలో నది యొక భాగమనియు మన్రో గ్రహించెను. కొలత 1806 నాటికి ముగిసెను.

ఈ నడుమ ప్రకృతి అతనిని పరీక్షింపక మానలేదు. 1803లో వానలు తప్పి కరవు వచ్చెను. మరుసటి యేడు అతివృష్టి కురిసి అనేకములైన చెరువులు తెగెను. కరవుకాలమున కూలిపని కల్పించుటయు, తెగిన కట్టలను తిరిగి వేయించుటయు, శిస్తును తగ్గించుటయు, వీటన్నిటికిని పైవారికి సమాధానము చెప్పుకొనుటయు అతని నిత్యకృత్యము లయ్యెను.

మందలింపులును రాకపోలేదు. పాలెగాండ్ర విషయమున మన్రో కఠినుడు. వారి బంట్లను తొలగించి, శిస్తు పెంచి, లోబడనివారిని వెడలగొట్టెను. ఇది యన్యాయమని లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆక్షేపించిరి. ఆరునెలల ఓడప్రయాణము చేసి వచ్చిన ఆ మందలింపును చదివి మన్రో పని విడిచిపెట్టలేదు, మౌనమును వహింపలేదు. ఏ పాలెము ఎట్టిదో, ఏ పాలెగాడు ఏమి చేసెనో వివరించుచు సుదీర్ఘమైన సమాధానము వ్రాసెను. తలవంచిన పాలెగాండ్ర యెడల కూడ అతని చేయి బరువుగానే యుండెనని నేటి చరిత్రకారులలో కొందరందురు. ఆ ఆక్షేపణలో కొంత నిజము లేకపోలేదు.

ఏడేండ్లలో దత్తమండలముల భూమిశిస్తు సుమారు నాలుగు లక్షల పౌనుల నుండి ఆరు లక్షల పౌనులకు పెరిగెను. కంపెనీ సంతోషించెను. మరియొకడైనచో ఆ మెప్పును మూటగట్టుకొని స్వదేశమునకు పోయియుండును. మన్రో అట్లు చేయలేదు. 1807లో సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు ఆగస్టు 15వ తేదీన రెవెన్యూ బోర్డునకు ఒక నివేదిక పంపెను. తాను కట్టిన శిస్తు పంటలో నూటికి సుమారు 45 పాళ్ళగుచున్నదనియు, రైతు దానిని మోయలేడనియు, పంటలో మూడవవంతు మించరాదనియు అందు తెలిపెను. అందుకై అన్ని భూములపై నూటికి 25 వంతులును, తోట మున్నగు నీటివసతి భూములపై అంతకంటె నెక్కువగాను తగ్గింపుమని కోరెను. మెప్పు తెచ్చిన లెక్కనే తప్పని చెప్పుట సామాన్యమైన ధైర్యము కాదు. ఏడేండ్లు గుడారము ముందు నిలిచి రైతులు చెప్పిన మాట ఇట్లు బోర్డు బల్లపైకెక్కెను.

బోర్డు ఆ సలహాను అంగీకరింపలేదు. ఆదాయము తరుగునని భయపడెను. అంతేకాక, మన్రో వెడలినపిదప అతని రైతువారీ పద్ధతినే త్రోసివేసి, గ్రామములను మొదట మూడేండ్లకును, పిదప పదియేండ్లకును గుత్తకిచ్చెను. శిస్తు బరువు తగ్గలేదు. పంట చెడిన యేట గుత్తదారులు బాకీపడిరి, రైతులు నలిగిరి. తన చేతిపని కండ్లయెదుట చెడుచుండగా సముద్రమునకు ఆవల నుండి చూచుట యెంత బాధయో!

అయినను మన్రో విరోధము పూనలేదు. తన వాదమును విడువనులేదు. 1813లో కంపెనీ సన్నదును గూర్చి విచారించుచున్న బ్రిటిషు పార్లమెంటు యెదుట తన అనుభవమును విశదముగా చెప్పెను. 1814లో న్యాయవ్యవహారముల సంస్కరణసంఘమునకు అధ్యక్షుడై మరల చెన్నపట్టణము చేరెను. 1820లో చెన్నరాజధానికి గవర్నరయ్యెను. అప్పుడు దత్తమండలములలో రైతువారీ పద్ధతి తిరిగి నెలకొనెను. పదుమూడేండ్ల క్రిందట తాను కోరిన శిస్తు తగ్గింపు అమలులోనికి వచ్చెను. కలెక్టరుగా చేసి నెగ్గని మనవిని గవర్నరై తానే మన్నించెను.

గవర్నరైన తరువాతను అతని పద్ధతి మారలేదు. తరచుగా జిల్లాలలో పర్యటించెను. 1822లో రాజధాని యందలి పాఠశాలల స్థితిని విచారింపజేసెను. ఈ దేశీయులకు చిన్న జీతములిచ్చి, పెద్ద పదవులు మూసివేసి, వారియందు నిజాయితీ లేదని నిందించుట తగదని 1824లో వ్రాసిన ప్రసిద్ధ నివేదికలో వాదించెను. అతడు పరదేశపు వర్తకసంఘమునకు సేవకుడు. ఆ సంఘము ఈ దేశమును దోచినదన్న మాటయు సత్యము. ఆ పరిధిలో నుండియే రైతు పక్షమున మాటాడుట అతని ప్రత్యేకత.

1827లో పదవి విడిచి స్వదేశమునకు పోవలసియుండగా, తాను యౌవనమున పనిచేసిన సీమను కడసారి చూడగోరి దత్తమండలములకు బయలుదేరెను. అప్పుడు ఆ ప్రాంతమున కలరా వ్యాపించియుండెను. జూలై 6వ తేదీన పత్తికొండ చేరిన మన్రోకు ఆ వ్యాధి సోకెను. ఆ రాత్రియే మరణించెను. అతని వయస్సు 66 ఏండ్లు. మరునాడు దేహమును గుత్తిలో ఖననము చేసిరి. 1831లో అస్థికలను చెన్నపట్టణము కోటలోని చర్చికి తరలించిరి. అతని జ్ఞాపకార్థము గుత్తిలో సత్రమును, పత్తికొండలో తోపును, మెట్లబావిని ఏర్పరచిరి. ఎండలో వచ్చిన బాటసారికి నీడయు నీరును కంటె ఆ సీమలో తగిన స్మారకమేమి కలదు?

జనులు కట్టుకొనిన కథలును కలవు. పాపఘ్ని కొండలను చీల్చుకొని పారు గండి క్షేత్రమున, రెండు కొండల నడుమ కట్టిన బంగారు తోరణము మన్రోకు కనబడెననియు, మరణము సమీపించిన పుణ్యాత్ములకే అది కనిపించుననియు కడప సీమలో చెప్పుకొందురు. అతనిపై అభిమానముచే బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరనియు చెప్పుదురు. కథలలోని నిజానిజములెట్లున్నను, శిస్తు వసూలు చేయవచ్చిన వాని పేరును రైతు తన బిడ్డకు పెట్టుకొనెనని చెప్పుకొనుట లోకమున అరుదు.

బాలలారా! పనిలో మెప్పును మందలింపును రెండును వచ్చును. మన్రో మందలింపు వచ్చినప్పుడు క్రుంగక సమాధానము చెప్పెను. మెప్పు వచ్చినప్పుడు పొంగక తన లెక్కను తిరిగి చూచుకొనెను. మీ పలకపై గురువు దిద్దిన గీతను చూచి చిన్నబోకుడు. ఆ గీతను చదివి, తప్పు నిజమైనచో ఒప్పుకొనుడు. కానిచో వినయముతో కారణము చెప్పుడు. అనంతపురము సీమలో రైతు వానకై ఎదురుచూచుచునే దుక్కి దున్నుచుండును. మంచి మాట ఫలించుటకు పదుమూడేండ్లు పట్టినను, అంతవరకు పని మానకుండుటయే పనివాని ధర్మము.