మన్యవీరుని ఆయుధశాల

ఆయుధమును ఎన్నుకొనువాడు ముందుగా రెండు సంగతులు చూచుకొనవలెను: తన చేతికి గల నేర్పు ఎంత, తన మూటలో గల ధనము ఎంత. ఈ రెంటిని మరచినవానికి ఎంత వెలగల ఆయుధమైనను బరువే గాని బలము కాదు. తూర్పు కనుమల నడుమ, గూడెము కొండలపై, ఈ వివేకముతోడనే సుమారు రెండేండ్లు ఆంగ్ల ప్రభుత్వము నెదిరించి నిలిచినవాడు అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో మాతామహుని యింట జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రకారుడు. కుమారుడు పసివాడై యుండగనే కన్నుమూసెను. పినతండ్రి రామకృష్ణంరాజు అండ దొరకినను, బాలుని చదువు ఏ యూరను కుదురుకొనలేదు. వైరాగ్యము పుట్టి ఉత్తరదేశ యాత్రలు చేసి, 1917 ప్రాంతమున కృష్ణదేవిపేట చేరెను. ఆ యువసన్యాసి యొద్దకు మన్యపు జనులు మందునకును, మంచిమాటకును రాసాగిరి.

వారి కష్టములు కొండంతలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డుకట్ట వేసెను. నర్సీపట్నము నుండి చింతపల్లికి వేయు రోడ్డు పనిలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వారిచేత చాలీచాలని కూలికి వెట్టిచాకిరి చేయించెను. తిరుగుబాటు తప్పదని తేలినపుడు, దేనితో పోరుటయను ప్రశ్న పుట్టెను.

మన్యపు బిడ్డకు విల్లు చిన్ననాటి చెలికాడు. వెదురు అడవి యిచ్చును. ఇనుపమొనకు మాత్రమే కమ్మరి కావలెను. చప్పుడు లేదు, పొగ లేదు. విడిచినవాని జాడ తెలియదు. వేటలో ఆరితేరిన చేతికి క్రొత్తగా నేర్పవలసినది లేదు. కాని బాణపు పరుగునకు మేరయున్నది. దూరమునుండి కాల్చు సిపాయిని నిలువరింపవలెనన్న తుపాకి కావలెను. దానిని కొనుటకు ధనము లేదు. కొందమన్నను అమ్మువాడు లేడు.

కావున ప్రభుత్వపు కొట్టునే తన కొట్టుగా చేసికొనెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగెను. మూడింట కలిపి 26 తుపాకులు, రెండువేల అయిదువందలకు పైగా తూటాలు చేజిక్కెను. తీసికొనిన వస్తువుల పట్టిక ఠాణా పుస్తకమున వ్రాసి చేవ్రాలు చేయుట ఆయన రీతి.

ఆయుధములు కొద్ది గనుక గురి తప్పరాదు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడచు భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుక వచ్చు దొరలపై కాల్పులు జరిపిరి. స్కాట్ కవర్డ్, హైటర్ అను అధికారు లిద్దరు కూలిరి. ఇరుకైన కనుమ, దట్టమైన పొద, ఆ చోటెరిగిన మనిషి, ఇవియే ఆ కొద్ది తుపాకులకు విలువ పెంచెను.

ప్రభుత్వమును ఆ మర్మము గ్రహించెను. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణాపై పడునప్పటికి ఆయుధములు అచట లేవు, ముందే తరలింపబడెను. తూటా కాల్చినకొలది తరుగును; నింపు చోటు లేదు. మలబారు పోలీసులు దిగిరి. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము కడ జరిగిన పోరున అనుచరులను గోల్పోవలసి వచ్చెను. తరువాత అస్సాము రైఫిల్సు వచ్చెను. కొండలను చుట్టుముట్టి, గ్రామములకు ధాన్యమందకుండ చేసిరి. ఆకలి ముందు విల్లును, తుపాకియు ఒక్కటియే.

1924 మే 7న సీతారామరాజు పట్టుబడి, కొయ్యూరు కడ విచారణ లేకయే కాల్చి చంపబడెను. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లైనను నిండలేదు. అనుచరుడైన గాము గంటందొర మరునెలలోనే నేలకొరిగెను. ఆతని సోదరుడు మల్లుదొర చెరసాల ననుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి, అరకులోయయు అందులోనిదే. ఆయన సమాధి మాత్రము కృష్ణదేవిపేటలో, తొలినాళ్ల తపోభూమి చెంతనే యున్నది.