మీసాలతల్లి – గిజుభాయి బధేకా

భావనగరమున తఖ్తేశ్వరుని గుడి సమీపమున గుట్టమీద నొక బాలమందిరము కలదు. ఆ భవనమునకు 1922లో ప్రారంభోత్సవము చేసినది కస్తూరిబా గాంధీ. అందు రెండున్నర యేండ్ల పసివాండ్ర నడుమ కూర్చుండి, గొంతు మార్చుచు, చేతులు త్రిప్పుచు కథలు చెప్పిన యొక పూర్వపు వకీలును గుజరాతు ప్రజలు మూఛాళీ మా యని పిలిచికొనిరి. మీసములు గల తల్లి యని దాని యర్థము. బిరుదములకు కొదవలేని మన దేశమున ఇంతటి చక్కని బిరుదము మఱియొకరికి లభించి యుండదు.

గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా 1885 నవంబరు 15వ తేదీన సౌరాష్ట్రములోని చితల్ గ్రామమున జన్మించెను. గిజుభాయి యనునది ముద్దుపేరు. అదియే లోకమున నిలిచినది. బ్రతుకుతెరువు వెదకికొనుచు 1907లో తూర్పు ఆఫ్రికాకు ఓడ యెక్కి, రెండేండ్లకు మరలివచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రము చదివి, వఢ్వాణులో వకీలుగా స్థిరపడెను. 1913లో కుమారుడు నరేంద్రుడు కలిగెను. ఈ బిడ్డను ఏ బడికి పంపుదునను ప్రశ్న తండ్రిని వదలలేదు. ఆ కాలపు బడి యనగా బెత్తము, ఎక్కముల వల్లెవేత, గురువుగారి కనుబొమల ముడి. దారి వెదకుచు వసో గ్రామమున మోతీభాయి అమీను నడుపుచుండిన పాఠశాలను చూడబోగా, ఇటలీదేశపు వైద్యురాలు మేరియా మాంటిసోరీ రచించిన గ్రంథము ఆయన చేతికి వచ్చినది. కొడుకుకొఱకు మొదలైన చదువు తండ్రి వృత్తినే మార్చివైచినది.

నానాభాయి భట్టు, గిజుభాయి మేనమామయైన హరగోవింద పండ్యా ప్రభృతులు భావనగరమున 1910లో దక్షిణామూర్తి సంస్థను స్థాపించియుండిరి. 1916లో గిజుభాయి నల్లకోటు విడిచి అందు చేరెను. సంసారి యైనవాడు రాబడి గల వృత్తిని వదలి బడిపంతులగుట బంధువర్గమునకు సులభముగ మ్రింగుడుపడు సంగతి కాదు. మొదట పెద్దపిల్లల పాఠశాలలో పనిచేసెను. అచటికి వచ్చు బాలురు అప్పటికే భయమును, వల్లెవేతను నేర్చికొని వచ్చుచుండిరి. దిద్దవలసినది అంతకు ముందే యని తోచి, 1920లో పసివాండ్రకై బాలమందిరమును నెలకొల్పెను.

మాంటిసోరీ సాధనములు, పద్ధతులు అన్నియు ఆ మందిరమున ప్రవేశించినవి. ఒక్క విషయమున మాత్రము శిష్యుడు గురువును అనుసరింపలేదు. మాటలాడు జంతువులు, రాక్షసులు, మంత్రపుటుంగరములు గల కథలకు ఆమె పద్ధతిలో ఆరేండ్లలోపు వారికి చోటు లేదు; బిడ్డకు నిజమును కల్పనను వేఱుచేయు శక్తి అప్పటికి రాదని ఆమె యభిప్రాయము. గిజుభాయి యెదుట నున్న పిల్లలో, నాయనమ్మ ఒడిలో కాకికథ విని నిద్రించినవారు. కథను గుమ్మమువద్ద విడిచి లోనికి రమ్మనుట ఆయనకు న్యాయముగ తోపలేదు. మాంటిసోరీ పటమునకు మ్రొక్కినవారు చాలమంది. మ్రొక్కుచునే కాదనగలిగినవారు కొలదిమంది. కథ చెప్పుటకు నొక శాస్త్రమే కలదని ఆయన ప్రత్యేక గ్రంథము వ్రాసెను: ఏ వయస్సునకు ఏ కథ, ఏది ముందు, ఏది వెనుక, ఎట్లు చెప్పవలెను, ఎక్కడ ఆగవలెను అను విచారణ అందు కలదు. కథ ముగియగానే నీతిని పిండి చేతిలో పెట్టుట ఆయనకు సరిపడదు. విన్న కథ బిడ్డలో ఏమి చేయునో, చేయనిమ్మనును.

ఆయన ప్రచారమునకు తెచ్చిన జానపద కథలలో దలా తర్వాడీ కథ యొకటి. భార్యకు వంకాయలపై మనసు కలుగగా ఒక బ్రాహ్మణుడు పరుల తోటకు పోయి, యజమాని లేకుండుట చూచి, రెండో నాలుగో కోసికొందునా యని తోటనే అనుమతి యడుగును. పదియో పండ్రెండో కోసికొమ్మని తోట పక్షమున తానే బదులు చెప్పుకొనును. ఇట్లు కొన్నాళ్లు సాగిన పిదప యజమాని పట్టుకొని, నూతిలోనికి దింపి, రెండో నాలుగో మునకలు వేయింతునా యని నూతినే అనుమతి యడుగును. నూయి యేమనునో చెప్పనక్కఱలేదు.

ఈ కథ రెండుమారులు విన్న బిడ్డ మూడవమారు ఊరకుండదు. తోట మాట తానే పలుకును, నూతి మాట తానే పలుకును. పిదప ఇంటికి పోయి అమ్మకు మొదటినుండి చెప్పబోవును. అసలు చదువు అక్కడ జరుగుచున్నది. వంకాయ కోసిన తరువాతనే గాని మునకలు రావు. కావున క్రమము పట్టుబడవలెను. అడుగువాడొకడు, బదులు చెప్పువాడొకడు. కావున రెండు గొంతులు, రెండు మనసులు కావలెను. మఱచినచోట తనకు వచ్చిన మాటతో పూడ్చుకొనవలెను. కావున భాష పుట్టును. వల్లెవేసిన పద్యము అప్పగించునపుడు ఇవేవియు అక్కఱలేదు. ఏడుతోకల ఎలుక కథయు అట్టిదే. తోటివారు వెక్కిరింపగా ఆ ఎలుక దినమున కొక తోక చొప్పున కోయించుకొనుచు పోవును. చెప్పు బిడ్డ ఏడునుండి సున్నవఱకు దిగక తప్పదు. ఏడుచేపల కథను తాతకు తిరిగి చెప్పిన తెలుగు బిడ్డలకు ఈ సంగతి అనుభవమే. ఎండని చేపనుండి చీమవఱకు వరుస తప్పినచో తాత ఒప్పుకొనడు గదా!

విన్న కథను ఆడించుట తరువాతి మెట్టు. సంభాషణలు బట్టీపట్టించు నాటకములు గిజుభాయికి గిట్టవు. కథ తెలిసిన పిల్లలు తామే పాత్రలు పంచుకొని, తోచిన మాటలతో ఆడవలెను.

ఈ యనుభవమంతయు 1932లో దివాస్వప్న యను గ్రంథమున కథారూపము దాల్చినది. లక్ష్మీరామ్ అను ఉపాధ్యాయుడు విద్యాధికారివద్ద ఒక యేడాది గడువు కోరి నాల్గవ తరగతిని చేపట్టును. మొదటిదినము మౌనక్రీడ నాడింపబోగా తరగతి సంతయగును. మరునాడు ఒక రాజు, ఏడుగురు రాణుల కథ యెత్తుకొనును, గది నిశ్శబ్దమగును. కథ దినములకొలది సాగుచుండగా, పాఠమెప్పుడని ప్రధానోపాధ్యాయుడు సణుగును. పాఠ్యపుస్తకముల సొమ్ముతో కథల పుస్తకములు కొని తరగతిలో గ్రంథాలయము పెట్టుదురు. ఇందలి విద్యాధికారి పాత్ర గమనింపదగినది. సందేహించుచునే అనుమతి యిచ్చి, యేడాది యోపిక పట్టిన సర్కారు ఉద్యోగి మన సాహిత్యమున అరుదు. ఎగతాళికే గాని ఉద్యోగిని ఇట్టి పనికి ఎవరు వాడుకొనిరి? ఈ గ్రంథము పగటికల యను పేర తెలుగున కూడ వెలువడినది.

తనకు సహచరియైన తారాబాయి మోదక్‌తో కలిసి గిజుభాయి 1926లో నూతన బాలశిక్షణ సంఘమును స్థాపించెను. పెద్దలకు, పిన్నలకు ఆయన వ్రాసిన పుస్తకములు దాదాపు రెండువందలు. 1936లో దక్షిణామూర్తిని వదలెను. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూయునప్పటికి ఆయనకు ఏబదిమూడేండ్లు. అదే యేడు చివర మేరియా మాంటిసోరీ మద్రాసులోని అడయారుకు వచ్చి బోధన ప్రారంభించెను. కథవిషయమై వాదింపవలసిన శిష్యుడు అప్పటికి లేడు. తారాబాయి 1945లో బోర్డీలోను, 1957నుండి కోస్‌బాడ్ కొండమీదను ఆదివాసుల బిడ్డలకై బాలవాడీలు నడిపెను. బడికి రాలేని బిడ్డలకొఱకు ఆమె బడినే వారి ముంగిటికి తీసికొనిపోయెను.