గుంటూరు గ్రహణం చూసిన జాన్సెన్



మానవపాడు హాస్టల్లో రాత్రి స్టడీ అవర్‌లో మేము జి.కె. బిట్లు బట్టీ పట్టేవాళ్లం. హీలియం జాడ ఎక్కడ దొరికింది? గుంటూరు. ఎప్పుడు? 1868. ఎవరికి? జాన్సెన్‌కు. మార్కు వచ్చేది గానీ ఆ మనిషెవరో తెలిసేది కాదు. పి.జి.లో అగ్నిపర్వత వాయువుల పాఠం చదువుతుంటే మళ్లీ అదే పేరు ఎదురైంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

జూల్స్ జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో జన్మించారు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో జరిగిన ప్రమాదంలో కాలు దెబ్బతినడంతో జీవితాంతం కుంటుతూనే నడిచారు. అందువల్ల బడికి పంపలేదు, చదువంతా ఇంట్లోనే. ఇంట్లో డబ్బుకు కష్టమై, చిన్న వయసులోనే బ్యాంకు ఉద్యోగంలో చేరారు. మన ఇంటర్ లాంటి పరీక్ష ప్యాసయ్యేసరికి ఆయనకు 25 ఏళ్లు. డాక్టరేటు వచ్చింది 1860లో, 36వ ఏట. సీడుపత్తి క్రాసింగు పనులకు పోయి నెలల తరబడి బడి మానేసి, తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన వాళ్లం మాలో ఎంతమందిమి ఉన్నామో! ఈ సంవత్సరాల లెక్క మాకు అందుకే గుర్తుండిపోయింది.

ఆయన చేతిలో ఎప్పుడూ ఉన్న పరికరం వర్ణపటదర్శిని. మండే వాయువు వెలుగును ఇందులోంచి చూస్తే రంగు గీతలు కనిపిస్తాయి. ఏ మూలకానికి ఆ మూలకం గీతలే. అంటే దగ్గరికి వెళ్లకుండానే మంటలో ఏముందో చెప్పవచ్చు. 1867లో గ్రీసులోని సాంటొరిని అగ్నిపర్వతం దగ్గర, మంటలను ఇలాగే పరిశీలించి అందులో హైడ్రోజన్ ఉందని చెప్పారు.

మరుసటి ఏడాది ఆయన మన తెలుగు నేలకు వచ్చారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుని నీడ బీజాపూరు వైపు నుంచి గుంటూరు, మచిలీపట్నం మీదుగా సాగింది. పటం మీద స్కేలు పెట్టి చూడండి, మన కృష్ణా తుంగభద్రల నడిమి సీమ ఆ దారిలోనే తగులుతుంది. గుంటూరులో ఒక ఫ్రెంచి వ్యాపారి మేడ మీద జాన్సెన్ దుర్భిణి బిగించుకున్నారు. చీకటి అయిదు నిమిషాలకు పైగా ఉంది. సూర్యుని అంచున లేచిన జ్వాలల్లో హైడ్రోజన్ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకు అక్కడే తట్టింది. మర్నాడు పొద్దున మామూలు ఎండలోనే చూసి చూపించారు. ఇంగ్లండులో లాకియర్ కూడా విడిగా అదే పద్ధతి సాధించారు. ఇద్దరి కబురూ అక్టోబరులో ఒకే రోజున పారిస్ అకాడమీకి చేరింది. ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం చేయించింది.

ఇక్కడ మన బిట్టును కొంచెం సరిచేయాలి. ఆ గ్రహణం వెలుగులో ఒక పసుపు గీత ఉంది. మచిలీపట్నంలో పాగ్సన్ కూడా దాన్ని గమనించారు. అది సోడియంది కాదని తేల్చి, కొత్త మూలకమై ఉంటుందని అన్నది లాకియర్. భూమి మీద హీలియంను పట్టుకున్నది రామ్సే, 1895లో. కొత్త మూలకం కనుగొన్నానని జాన్సెన్ చెప్పుకోలేదు. ఆయన గుంటూరులో సాధించింది పద్ధతి. మా దృష్టిలో అది తక్కువేమీ కాదు.

తర్వాత కూడా ఆయన ఒకచోట కూర్చోలేదు. 1870లో శత్రుసైన్యం పారిస్‌ను చుట్టుముడితే, గ్రహణం కోసం బెలూన్ ఎక్కి తప్పించుకుని అల్జీరియా చేరారు. తీరా అక్కడ మబ్బు పట్టింది! 1871లో నీలగిరిలో ఇంకో గ్రహణం చూశారు. 1883లో హవాయిలోని కిలౌయియా అగ్నిబిలం దగ్గర మళ్లీ మంటల వాయువులను పరిశీలించారు. నడవలేని కాలుతో, కూలీలు మోసుకెళ్లగా మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కి, 1893లో అక్కడ పరిశోధనశాల కట్టించారు. 1907 డిసెంబరు 23న మ్యూడాన్‌లో కన్నుమూశారు.

ఆయన వెతికిన రెండు చోట్లనూ, సూర్యుణ్ణీ అగ్నిపర్వతాన్నీ, ఇప్పుడు హీలియం కలుపుతోంది. సముద్రం అడుగున ఒక ఫలకం మరో ఫలకం కిందికి జారేచోట అగ్నిపర్వతాలు వరుసగా, విల్లులా వంగి ఉంటాయి. జారే ఫలకం నీటిని, సున్నపు బురదను లోపలికి తీసుకుపోతుంది. వేడికి అవే ఆవిరి, కార్బన్ డయాక్సైడుగా మళ్లీ పైకి వస్తాయి. వచ్చిన వాయువులో భూమి పుట్టుకనాటిది ఎంత, మునిగి తిరిగొచ్చింది ఎంత? దీనికి హీలియం ఐసోటోపులే సాక్షి. హీలియం-4 యురేనియం, థోరియంల నుంచి నిత్యం పుడుతుంది. హీలియం-3 దాదాపుగా భూమి పుట్టినప్పటిదే. గాలిలో సుమారు 7 లక్షల హీలియం-4 అణువులకు ఒక్క హీలియం-3 ఉంటే, భూప్రావారం నుంచి వచ్చే వాయువులో దాని పాలు సుమారు 8 రెట్లు. జారే ఫలకం హీలియం-3ను దాదాపు మోసుకుపోదు కాబట్టి అదే కొలబద్ద. ప్రావారం వాయువులో ఒక్క హీలియం-3కి సుమారు 200 కోట్ల కార్బన్ డయాక్సైడు అణువులు ఉంటే, విల్లు వరుస అగ్నిపర్వతాల్లో తరచు 1000 కోట్లు దాటుతాయి. ఆ ఎక్కువ కార్బన్‌లో చాలా భాగం సముద్రపు అడుగు నుంచి పోయి తిరిగొచ్చినదే.

మన దేశంలో అటువంటి అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి. శ్రీ విజయపురానికి (పాత పోర్ట్ బ్లెయిర్) ఈశాన్యంగా సుమారు 135 కి.మీ. దూరంలో ఉంది. తమ్ముళ్లు ఈసారి అట్లాసు తీసినప్పుడు గుంటూరుతో పాటు దాన్నీ వెతకండి.