బంతియాట నేర్పిన బడిపంతులు

ఉక్కువలన పేరొందిన భిలాయి, బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులను తీర్చిదిద్దుటలో కూడ దేశమున కీర్తి గడించినది. వైశాలి నగర్‌లో సాయంకాలము పిల్లలను ఆటస్థలమునకు పంపు తల్లిదండ్రులకు మంచి శిక్షకుడు దొరకుట ఎంత భాగ్యమో వేరుగ చెప్పనక్కరలేదు. ఆట యేదైనను గెలిచినవారి పేరు పత్రికల కెక్కును. నేర్పినవాని పేరు మరుగున పడును. అట్లు చాలకాలము మరుగున పడియున్న మహనీయుడు మన హైదరాబాదు వాస్తవ్యుడు, ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీంగారు 1909 ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు అచటి జట్టులో ఫుట్‌బాల్ ఆడిరి. చదువు ముగిసిన పిదప వారు ఎన్నుకొన్నది ఉపాధ్యాయ వృత్తి. నగరములోని పాఠశాలలలో పాఠములు చెప్పుచు, వ్యాయామ విద్యలో కూడ డిప్లొమా పొందిరి. 1940వ దశకములో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణపర్యంతము ఆ బాధ్యత వహించిరి.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ వారి చేతికి వచ్చెను. ఆ యేడు మొదలు 1954 వరకు వరుసగ ఐదు సంవత్సరములు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టే గెలుచుకొనెను. కలకత్తా జట్లదే పైచేయిగా నుండిన ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు.

ఈ విజయములకు మూలము రహీంగారి బోధనా పద్ధతి. లెక్కలలో వెనుకబడిన విద్యార్థికి మంచి పంతులు లెక్కలే యెక్కువగ ఇచ్చును గదా! రహీంగారును అట్లే చేసిరి. బలము లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టిరి. బంతిని కాలి కంటిపెట్టుకొని ఒంటరిగ పరుగిడరాదను నియమముతో వేరొక పోటీ నడిపిరి. మొదటి దానివలన రెండు కాళ్లును సమానముగ పనిచేయుట అలవడెను. రెండవ దానివలన బంతి వచ్చినదే తడవుగ తోటివాని కందించుట అభ్యాసమయ్యెను.

సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన పేద బాలుడు తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించి చేరదీసినవారు రహీంగారే. ఆ బాలుడు తరువాత దేశపు మేటి ఆటగాండ్రలో ఒకడయ్యెను.

భారత జట్టు శిక్షకులుగ రహీంగారు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియా క్రీడలలో స్వర్ణపతకము సాధించిరి. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఘోర పరాజయము కలిగెను. అందు మనవారు పెక్కుమంది వట్టి కాళ్లతోనే ఆడిరి. ఆ తరువాత బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీంగారు అపజయమును కూడ పాఠముగనే స్వీకరించిరి. 1956లో మెల్బోర్నులో భారతదేశము ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఏషియా దేశముగ నాలుగవ స్థానము పొందెను. 1960లో రోమునకు వెళ్లిన జట్టులో వారి కుమారుడు హకీం కూడ నుండెను. కాని అచట ఒక్క పోటీలోనైనను ఆ యువకునకు ఆడు అవకాశము దొరకలేదు.

1962లో జకార్తా ఏషియా క్రీడలకు వెళ్లునాటికే కాన్సరు వ్యాధి రహీంగారి శరీరమును తినివేయుచుండెను. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో మన జట్టు ఓడెను. థాయిలాండుతో జరిగిన ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. క్రీడల నిర్వహణపై రేగిన వివాదమువలన అచటి ప్రేక్షకులు భారతీయులపై ఆగ్రహముతో నుండిరి. అట్టి స్థితిలో రహీంగారు వెనుక వరుసలో ఆడు జర్నైల్ సింగును, తల గాయముతోనే, ముందు వరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ మరియొక గోలు చేయగా, మొదట మనల నోడించిన కొరియాయే 2-1తో ఓడెను.

తొమ్మిది నెలలు గడచెను. 1963 జూన్ 11న, ఏబదినాలుగేండ్లు నిండకుండగనే, రహీంగారు కన్నుమూసిరి. ఆ తరువాత భారత జట్టు ఏషియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణమును మరల గెలువలేదు. రోము తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ప్రవేశమే పొందలేదు. 2024లో హిందీలో మైదాన్ చలనచిత్రము వెలువడిన పిదపగాని వారి పేరు నేటి యువతలో పలువురికి తెలియలేదు.

ఆటగాండ్రు వేరొకచోట దొరకుదురేమో. అట్టి పంతులు మరల దొరకుట కష్టమని ఈ చరిత్ర చెప్పుచున్నది. మన పిల్లలు కప్పు చేతబట్టుకొని ఇంటికి వచ్చిన నాడు, ఎన్ని గోల్స్ చేసితివని అడుగుటతోపాటు నీకు నేర్పినవారెవరని కూడ అడుగుదము.