మనుమని రణచరిత్ర వ్రాసిన మోక్షదాయినీదేవి

ఘనకార్యములు చేసినవా రొకరు. అవి మరుగుపడకుండ వ్రాసి యుంచినవారు వేరొకరు. ఈ రెండవ తెగవారికి మన సభలలో జరుగు గౌరవము మిక్కిలి తక్కువ. అందుచే ఈ వార్షిక సంచికయందు మేము అట్టి యొక వృద్ధనారీమణి చరిత్రమును పాఠకమహాశయుల కర్పింప నెంచితిమి. ఆమె మన కులమున బుట్టినది కాదు. మన భాష మాటలాడినదియు గాదు. అయినను ఆమె చేసిన పని మన ప్రతి గృహమునందును జరుగవలసిన పని.

మోక్షదాయినీదేవి వంగదేశీయురాలు. 1885 లో బొంబాయి నగరమున గూడిన మొదటి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన ఉమేశచంద్ర బెనర్జీగారు ఆమెకు సోదరులు. ఆడువారు చదువుకొనుటయే తప్పని పెద్దలు తలంచుచున్న కాలమున, 1870 లో, ఆమె 'వంగమహిళ' యను పత్రికను నడిపెను. వంగభాషలో స్త్రీ సంపాదకత్వమున వెలువడిన పత్రికలలో నిదియే మొదటిదని చెప్పుదురు. హేమచంద్ర బందోపాధ్యాయకవి వంగస్త్రీలను పరిహసించి పద్యములు వ్రాయగా, ఆమె యూరకుండక వంగదేశపు బాబులను పరిహసించి బదులు వ్రాసెను. అట్టి కలము వార్ధక్యమున నొక శోకచరిత్రమును వ్రాయవలసి వచ్చెను.

ఆమె మనుమడు కల్యాణకుమార ముఖర్జీ వైద్యవిద్య నభ్యసించి ఇండియన్ మెడికల్ సర్వీసునందు జేరి, కాప్టెను పదవి నందెను. మొదటి మహాయుద్ధమున, 1915 లో, అతడు సైన్యముతో మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకు దేశమునకు వెడలెను. ఆ సంవత్సరము నవంబరులో టెసిఫాన్ వద్ద జరిగిన ఘోరసంగ్రామమున మనవైపు సైన్యములో నాలుగువేలకు పైగా హతులు, క్షతగాత్రులు నైరి. గాయపడినవారిని మోయుటకు తగిన బండ్లు లేవు. కమానులు లేని యినుపబండ్లలో, విరిగిన యెముకలతో, వారు నదీతీరమునకు జేరవలసి వచ్చెను. అచ్చటినుండి క్రిక్కిరిసిన పడవలలో దినములతరబడి బస్రాకు ప్రయాణము. ఈ దురవస్థను 1917 లో ప్రకటితమైన విచారణసంఘపు నివేదిక తీవ్రముగా ఖండించెను.

వెనుదిరిగిన సైన్యము కూట్ అను పట్టణమున ముట్టడికి లోనై 147 దినములు నిలిచెను. అన్నము కరవై గుఱ్ఱపుమాంసము పంచిపెట్టిరి. ఆచారభంగమునకు వెఱచి మన సిపాయిలలో ననేకులు చాలకాలము దానిని ముట్టరైరి. తుదకు 1916 ఏప్రిలు 29 న సుమారు 13 వేలమంది తురుష్కులకు లొంగిపోయిరి. వారిలో కల్యాణకుమారు డొకడు. ఖైదీలను ఎడారులవెంట నడిపించుకొని పోయిరి. 1917 మార్చిలో, నేటి సిరియా దేశమునందలి రాస్-అల్-అయిన్‌లో, అతడు జ్వరపీడితుడై మరణించెను. వైద్యుడై యుండియు వైద్యము కరవైన చోట ప్రాణము విడిచెను.

మనుమడు పోయెను, మిగిలినవి జాబులు. యుద్ధభూమినుండి అతడు తల్లికి వ్రాసిన యా జాబులలో పోరాటముల వర్ణనయే గాక, దేశాభిమానమను పేరిట ఒకరి భూమి నొకరు హరించుచు జేయు రక్తపాతముపై తీవ్రమైన యసహ్యమును గలదు. సర్కారు కొలువులోనున్న సైనికవైద్యు డిట్లు తలంచుట సామాన్యము కాదు. మోక్షదాయినీదేవి యా జాబులను పోగుచేసి, దండయాత్రయొక్క వృత్తాంతముతో జతపఱచి, 1928 లో 'కల్యాణ ప్రదీప' మను నాలుగువందలకు పైబడిన పుటల గ్రంథమును ప్రకటించెను. అప్పటి కామె వయస్సు సుమా రెనుబదియేండ్లు. మనుమని కీర్తి యొక్కటియే కోరినచో, మందలింపుతో గూడిన యా మాటలను ఆమె తొలగించియుండవచ్చును. తొలగింపలేదు. అందువలననే నేటి చరిత్రకారులు ఆ గ్రంథము నాదరముతో జదువుచున్నారు.

ఇక మనలను గూర్చి రెండు మాటలు. ఆనాడు మన తెలుగు జిల్లాలలో ననేకములు మద్రాసు రాజధానిలో నుండెను. ఆ రాజధాని ప్రజల చందాలతో 'మద్రాసు' అను ఆసుపత్రి ఓడ యుద్ధమున క్షతగాత్రుల సేవకై నడచినది. డోలీ మోసినవారు, వంటవారు, గాయములు కడిగినవారు ఎందఱో కలరు. వారి పేర్లెక్కడ? మెసపొటేమియాలో సమాధియైన దొరకని 40 వేలకు పైబడిన మృతులకై నిర్మింపబడిన బస్రా స్మారకమున అధికారుల పేర్లు చెక్కబడినవి. భారతీయులైన సామాన్య సైనికులు దళములవారీగా వట్టి సంఖ్యలుగా మిగిలిరి. ఇట్టి భేదము జరిగెనని స్మారకముల సంఘమువారే 2021 లో నొప్పుకొనిరి.

రాతిపై లేని పేరు ఇంటి పెట్టెలో నుండవచ్చును. కావున మహాశయులారా, మీ యిండ్లలో నట్టి పతక మొక్కటి యున్నచో దాని యంచును చూడుడు. మొదటి మహాయుద్ధపు పతకముల యంచున సిపాయి సంఖ్య, పేరు, దళము చెక్కియుండును. పాత జాబులపై తేదీలను, ముద్రలను చదివి వ్రాసికొనుడు. ఇంటి వృద్ధుల నడుగుడు. ముఖ్యముగా ముసలమ్మల నడుగుడు. వారికి తెలిసినది వారితో పోకమునుపే కాగితమున కెక్కింపుడు. ఎనుబదియేండ్ల యవ్వ చేయగలిగిన పని మనకు సాధ్యము కాదని చెప్పుట తగునా?