మైకేల్ ఫారడే

ఇంటిలో కంప్యూటరు పనిచేయుచుండగా ప్రక్కనున్న రేడియోలో గరగరమను ధ్వని పుట్టుట కలదు. కంప్యూటరులోని విద్యుత్తు సెకనుకు కోట్లకొలది మారులు మారుచుండును. ఆ మార్పులవలన పుట్టిన రేడియో తరంగములు వెలువడి, వినదలచిన ధ్వనిని చెరచును. ఈ బాధను మాన్పు ఉపాయములకు మూలము, కంప్యూటరునుగాని రేడియోనుగాని ఎన్నడును చూడని ఒక మహనీయుని పరిశోధనలలో నున్నది. ఆయనయే మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత ఒక కమ్మరి యింట జన్మించెను. పేదరికమువలన ఆయన బడిచదువు చదువను వ్రాయను నేర్చుటతోనే ముగిసెను. 14 ఏండ్ల ప్రాయమున పుస్తకములు బైండుచేయు దుకాణములో పనికి కుదిరి, ఏడేండ్లు ఆ వృత్తిని నేర్చెను. చేతికి వచ్చిన శాస్త్రగ్రంథములను కట్టుటతో తృప్తినొందక, వానిని చదివెను. 1812లో హంఫ్రీ డేవీ యను పండితుని ఉపన్యాసములు విని, వానిని వ్రాసికొని, స్వహస్తములతో గ్రంథముగా కట్టి ఆయనకే పంపెను. ఆ శ్రద్ధ వృథా కాలేదు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ పరిశోధనశాలలో ఫారడేకు సహాయకుని పదవి లభించెను.

1831లో ఆయన ఒక ఇనుపవలయమునకు రెండు తీగచుట్టలు చుట్టెను. ఒకదానిలో విద్యుత్తు నిలకడగా పారునపుడు రెండవదానిలో చలనము లేదు. విద్యుత్తు మొదలైనపుడును, ఆగినపుడును మాత్రము రెండవదానిలో విద్యుత్తు పుట్టెను. మార్పే విద్యుత్తును ప్రేరేపించునని ఆయన గ్రహించెను.

1836లో మరియొక సాహసము చేసెను. ప్రతివైపు 12 అడుగులుగల పెద్ద పెట్టెను కొయ్యచట్రముతో కట్టించి, దానిని రాగితీగలతోను తగరపు రేకుతోను కప్పించెను. యంత్రముతో దానిపై బలమైన విద్యుత్తు నెక్కించి, తాను లోపలికి ప్రవేశించెను. తన ఊహ తప్పయినచో ముప్పు తనకే. వెలుపల పెద్దపెద్ద నిప్పురవ్వలు చిమ్ముచుండెను. లోపల వెలుగుచున్న కొవ్వొత్తులు, సున్నితమైన పరికరములు చేతబట్టి ఎంత వెదకినను విద్యుత్తు జాడ కానరాలేదు. అది లోహపు వెలుపలి తలముననే నిలిచిపోయెను.

రేడియో తరంగములను హెర్ట్‌జ్ ప్రయోగపూర్వకముగా నిరూపించునప్పటికి ఫారడే గతించి ఇరువది సంవత్సరములు. అయినను నేడు కంప్యూటరును కప్పు లోహపు పెట్టెయు, తీగలపై అల్లిన లోహపు తొడుగును ఆ 1836 నాటి పెట్టెకు వారసులే. పెట్టెలో సందులు మిగిలినచో తరంగములు వానిగుండా జారిపోవును. కావున మూతలు బిగువుగా నుండవలెను. తీగచివర కానవచ్చు నల్లని గుండులో ఫెరైట్ అను అయస్కాంత పదార్థపు వలయముండును. అది తీగవెంట పరుగిడు వేగవంతమైన విద్యుత్ కంపనములను అణచును. దాని పనికి ఆధారము 1831లో కనుగొన్న సూత్రమే.

కీర్తి వచ్చినను ఫారడే గర్వింపలేదు. సర్ బిరుదమును, రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. క్రిస్మసు పండుగదినములలో బాలబాలికలకు శాస్త్రవిషయములు బోధించుట ఆయనకు మిక్కిలి ప్రీతి. 1867 ఆగస్టు 25న ఆయన పరమపదించెను.

చదువు చాలలేదని ఆయన చింతించుచు కూర్చుండలేదు. అట్టలు కట్టు చేతులతోనే ప్రకృతిని ప్రశ్నించి, లోకమునకు ఉపకారము చేసెను.