యంత్రమే గురువుగా – జి.డి. నాయుడు

విద్య గురుముఖతః లభిస్తుంది. స్వయంకృషి వలన కూడా లభిస్తుంది. ఈ రెండవ మార్గాన మోటారు విద్యను సాధించి, దక్షిణ భారత పారిశ్రామిక చరిత్రలో సుస్థిర స్థానం పొందిన తెలుగువాడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. ఏనాడో తమిళదేశానికి తరలివెళ్లి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వారిది. బడి చదువు ఆయనకు రుచించలేదు. బాల్యంలోనే పాఠశాలకు స్వస్తి చెప్పారు.

యౌవనంలో ఒకనాడు ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలు ఆయన కంటబడింది. ఎద్దులూ గుర్రాలూ లేకుండా పరుగెత్తే ఆ బండిని చూసి ఆశ్చర్యపడి ఊరుకోలేదు; దాని మర్మం తెలుసుకోవాలని సంకల్పించారు. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో ఆ వాహనాన్ని కొన్నారు. కొన్నది ఊరేగడానికి కాదు. దాని భాగాలను ఒక్కొక్కటిగా విప్పి, పరిశీలించి, తిరిగి యథాస్థానంలో బిగించారు.

అలా ఓపికగా విప్పి చూసిన వారికి ఇంజను తన రహస్యాన్ని తానే తెలియజేస్తుంది. కార్బురేటరులో గాలితో కలిసిన పెట్రోలు సిలిండరులోకి చేరుతుంది. పిస్టన్ పైకి లేచి ఆ మిశ్రమాన్ని అదుముతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వను పుట్టించగానే అది మండి, వ్యాకోచించి, పిస్టన్‌ను కిందికి నెడుతుంది. పిదప కాలిన వాయువు బయటికి పోతుంది. పిస్టన్ కదలికను క్రాంక్ షాఫ్టు గుండ్రని భ్రమణంగా మారుస్తుంది. ఆ శక్తియే చక్రాన్ని తిప్పుతుంది. నాటి మోటారు సైకిలుకైనా, కారుకైనా, బస్సుకైనా మూలసూత్రం ఇదే. కనుకనే ఒక యంత్రాన్ని ఆకళించుకొన్న నాయుడుగారికి తక్కినవి సులభసాధ్యమయ్యాయి.

మెకానిక్‌గా చేయి తిరిగిన ఆయన 1920లో ఒక బస్సుతో రవాణా వ్యాపారం ఆరంభించారు. పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య తానే దానిని నడిపారు. ఆ ఒక్క బస్సే కాలక్రమాన పెద్ద రవాణా సంస్థగా విస్తరించింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన రూపొందించిన విద్యుత్ మోటారు, భారతదేశంలో తయారైన తొలి మోటారుగా ప్రసిద్ధి పొందింది.

బడి మానిన ఆ బాలుడే 1945లో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల స్థాపనకు పూనుకొన్నారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్లు అక్కరలేదనీ, చేతిపనితో నేర్పితే రెండేళ్లు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో ప్రిన్సిపాల్ పదవిని వదులుకొన్నారు. పదవికంటె తాను నమ్మిన విద్యావిధానమే ఆయనకు మిన్న. 1974 జనవరి 4న ఆయన కీర్తిశేషులయ్యారు.

నాయుడుగారి జీవితం పుస్తకాన్ని పారవేయమని చెప్పదు. చదివినదాన్ని చేతితో చేసి చూడమంటుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన మెకానిక్‌కు పానాలు అందిస్తూ ఇంజనులోకి తొంగిచూసే కుర్రవాడు సైతం విద్యార్థియే. ఏ భాగం ఏ పని చేస్తుందో, ఎందుకు చేస్తుందో అని అతడు ప్రశ్నించిన క్షణాన అతని చదువు మొదలవుతుంది.